మూడో ప్లాట్‌ఫారం మీద పాఠం

కుడిచేత్తో అన్నయ్యకు జావ తాగిస్తూ, ఎడమచేత్తో కార్డులు సరిచూసుకుంటోంది టీచరు. పన్నెండు కార్డులు, పన్నెండుమందికీ తలొకటి.

“మళ్ళీ ఊరేగింపా?” అన్నాడు అన్నయ్య. పక్షవాతం వచ్చి ఎనిమిదేళ్ళయింది. కుడివైపంతా చచ్చుబడింది గాని మాటకు మాత్రం ఏ లోటూ రాలేదు.

“పాఠం. స్టేషన్లో.”

“ఒంటిగంటకల్లా వచ్చెయ్యి. పక్కింటావిడ అంతకుమించి కూర్చోదు.”

ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. అయినా అనకపోతే అతనికి తిన్నది అరగదు. ఆమె అతని గడ్డం తుడిచి, దిండు ఎత్తుగా సర్ది, చెప్పులు వేసుకుంది.

యాభై నాలుగేళ్ళ మనిషి. చాక్‌పీసు పొడికి వేళ్ళ కొసలు తెల్లగా పగిలాయి. ఇరవై రెండేళ్ళుగా లైబ్రరీ మేడమీది గదిలో, పనులు చేసుకు బతికే పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతోంది. వాళ్ళకు పుస్తకాలు ఎక్కవని తనే పాఠాలు తయారుచేస్తుంది. మందుచీటీలు, కరెంటు బిల్లులు, బస్సు టైములు అట్టలకు అంటించి పంచుతుంది. సంభాషణలు తన గొంతుతోనే రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపుతుంది. నెలకో ఆదివారం పాఠం బయట జరుగుతుంది. పోస్టాఫీసు, ఆసుపత్రి, స్టేషను. అన్నీ ఒంటిగంటకు ఇల్లు చేరగలిగేంత దూరంలోవే.

స్టేషన్లో టికెట్ గుమస్తా ఆమెకు పాత పరిచయం. తనూ పాఠంలో పాత్రధారిలా ముఖం గంభీరంగా పెట్టుకుని ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. కార్డు మీదున్న మాటలతో ఒక్కొక్కరూ రిటర్న్ టికెట్ అడగాలి. అదంతా ఉత్తుత్తిదే. చివర్లో గుమస్తా ప్లాట్‌ఫారం టికెట్ ఇస్తాడు.

సెక్యూరిటీ తాత కిటికీ ముందు అటెన్షన్లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. “సర్, ఐ యామ్ వన్ రిటర్న్.”

“వెల్‌కమ్ బ్యాక్ సర్,” అన్నాడు గుమస్తా. లైనంతా నవ్వింది. టీచరు కూడా నవ్వింది.

ఆఖర్న టైలరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. మొగుడు పోయాక తొమ్మిదేళ్ళుగా మరిది ఇంట్లో మిషను తొక్కుతోంది. తన పిల్లల హోంవర్కుకు పనికొస్తుందని మరిదే ఆమెను క్లాసుకు పంపించాడు. భుజాన లావుపాటి గుడ్డసంచీ వేలాడుతోంది. ఆమె ఆ లైను చివర ఉన్న పెద్ద ఊరి పేరు చెప్పి, “వన్ టికెట్. సింగిల్,” అంది.

టీచరు వెనకనుంచి అందించింది. “రిటర్న్ అనాలమ్మా. కార్డు చూడండి.”

“కార్డు చూశాను టీచర్.” టైలరమ్మ తల తిప్పలేదు. “సింగిల్, సర్. నిజం టికెట్టే.”

గుమస్తా టీచరు వంక చూశాడు. టీచరు చేతిలోని కార్డులు సర్దుకుంది. అతను టికెట్ కొట్టి ఇచ్చాడు.

మూడో ప్లాట్‌ఫారం మీద మిగతావాళ్ళు బోర్డులు చదువుతూ తిరుగుతుంటే ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

“బట్టల ఫ్యాక్టరీ. ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు,” అంది టైలరమ్మ. “మీరు పంపినవి మిషను తొక్కుతూ విన్నాను. ఉండడానికి గది వాళ్ళే ఇస్తారట.”

“ఇంట్లో చెప్పారా?”

“చెబితే రానిచ్చేవారా? మా మరిది ముందు మీ మీదికే వస్తాడు.”

“రానివ్వండి.”

టీచరు పట్టాల వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆమె ఇదే ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టెతో నిలబడింది. దూరపు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అన్నయ్య ఆయాసపడుతూ వచ్చి, అమ్మకు ఉన్నట్టుండి ప్రాణం మీదికొచ్చిందన్నాడు. పెట్టె తనే నెత్తికెత్తుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని కూర కలుపుతోంది. తనూ వెళ్ళి కంచాలు పెట్టింది.

రైలు వచ్చింది. టైలరమ్మ ఎక్కి, తలుపు దగ్గర నిలబడి అడిగింది. “టీచర్, యూ ఆల్సో కమ్?”

ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి వాక్యాలు దిద్దిన మనిషి, ఈ ఒక్క వాక్యాన్ని దిద్దలేదు. “ఒంటిగంటకు నేను...” అని ఆగిపోయింది.

టైలరమ్మ చెయ్యి ఊపబోయి తన మణికట్టు చూసుకుంది. గుండుసూదులు గుచ్చుకునే చిన్న మెత్త కట్టుకుని ఉంది. “చూశారా, అలవాటు కొద్దీ వచ్చేసింది,” అని నవ్వి, దాన్ని విప్పి టీచరు చేతిలో పెట్టింది. ఇంకేదో అంటుండగానే రైలు కదిలింది.

సెక్యూరిటీ తాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “టీచర్, ఆవిడ దిగలేదండి.”

“తెలుసు. మీరు బోర్డు చదవండి.”

ఇల్లు చేరేసరికి ఒకటీ ఇరవై. పక్కింటావిడ వెళ్ళిపోయింది. అన్నయ్య చెంచాతో మంచం కోడు మీద కొడుతున్నాడు.

“ఎవర్ని దింపడానికెళ్ళావు?”

ఆమె అన్నం కలిపి మొదటి ముద్ద అందించింది. అతను మింగేదాకా ఆగింది.

“అన్నయ్యా, ఆ రోజు అమ్మకేం కాలేదు కదా?”

అతను ఏ రోజని అడగలేదు. కిటికీ వైపు చూశాడు. “ఇప్పుడెందుకది?” అన్నాడు. “నువ్వు వెళ్ళిపోతే మాకెవరున్నారు?”

ఆమె రెండో ముద్ద పెట్టింది. అతను నోరు తెరిచాడు.

సాయంత్రం మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “మా వదిన ఇంకా ఇంటికి రాలేదండీ. మీ క్లాసుకే కదా వచ్చింది?”

“వచ్చింది. అందరికంటే బాగా మాట్లాడింది.”

“మరి ఎటు పోయింది?”

“క్లాసయ్యాక ఎవరి దారి వాళ్ళది బాబూ.”

అతను ఆమె ముఖంలోకి కాసేపు చూసి మెట్లు దిగాడు. లోపల చెంచా మళ్ళీ మోగింది. “వస్తున్నా,” అని ఆమె తలుపు వేసి, కొంగున ముడేసుకున్నదాన్ని విప్పి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

అరచేతిలో సగమైనా లేని నీలం మెత్త. నాలుగు గుండుసూదులు, పక్కన ఒక సూది. సూదిలో ఎక్కించిన తెల్లదారం జానెడు ఇంకా మిగిలే ఉంది.