పాలపన్ను ఊడేదాకా

మా కుక్కపిల్ల, మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు కౌసల్యమ్మగారి పిక్కను పంటితో గీరిన రోజు, పటాన్‌చెరులో కాంపౌండరు ఆమెకు కట్టు కట్టి, కుక్కను పది రోజులు కట్టేసి చూడమన్నాడట. అది బాగుంటే పిచ్చి లేనట్టే, బొడ్డు చుట్టూ సూదులు అక్కర్లేదన్నాడట. అంతకు వారం ముందే దాన్ని ఇంట్లోంచి పంపేయమన్న ఆవిడ, ఇప్పుడు పది రోజులు ఎక్కడికీ పంపొద్దని తనే వచ్చి చెప్పారు. పదకొండో రోజు మాత్రం మావారి ఫ్యాక్టరీలో పనిచేసే లింగం దాన్ని పెంచుకోవడానికి తన ఊరు లక్డారం తీసుకెళ్ళాలి.

అది తొంభై మూడో సంవత్సరం. మేము తెనాలి నుంచి ఇంద్రేశం వచ్చి ఎనిమిది నెలలు. ఆయన షిఫ్టుకు వెళ్ళాక నేను నోరు విప్పేది కుక్కపిల్లతోనే.

దానికి ఐదు నెలలు. పాలపళ్ళు ఒక్కొక్కటే రాలుతున్నాయి. కింది దవడలో ఎడమవైపు కోర మాత్రం, పక్కన కొత్తది మొలుస్తున్నా, సూదిలా నిలబడి ఉంది. గీరింది అదే. పశువుల ఆసుపత్రిలో అడిగితే, రోజూ తడిగుడ్డతో పళ్ళు తుడిచి ఆ పన్నును మెల్లగా కదుపుతూ ఉండమన్నారు. మనుషుల పేస్టు వాడొద్దన్నారు. పాత పంచె చింపి, ఉడకబెట్టి, వేలికి చుట్టుకుని తుడిచేదాన్ని. మొదట మూతి తిప్పుకునేది. నాలుగో రోజుకి నేను పెరట్లో పీట వేస్తే చాలు, వచ్చి నోరు తెరిచేది.

కౌసల్యమ్మగారు రోజూ పొద్దున్నే వచ్చేవారు.

"సచ్చిందా, బతికిందా?"

"బాగుందండీ. పాలన్నం తిన్నది."

"నీళ్ళు తాగుతుందా? జెర నా ముందల తాపు."

అది తాగేదాకా మెట్టు మీద కూర్చునేవారు. ఎనిమిది నెలల్లో ఆమె మా మెట్టు మీద కూర్చోవడం అదే మొదలు.

"గా నోట్ల గుడ్డ ఏంది బిడ్డా?"

"పళ్ళు తుడుస్తున్నానండీ."

"మా ఇంటాయన పండ్లు తోమక ఇరవై ఏండ్లాయె. ఆయన్ను గూడ తోలియ్యాల్నా?"

నేను నవ్వాను. టీ పెట్టాను. మర్నాటి నుంచి ఆమె వచ్చే వేళకు రెండు గ్లాసులు కడిగి ఉంచేదాన్ని.

ఏడో రోజు అడిగాను. "ఆ పన్ను ఊడిపోతే ఇక గీరదండీ. ఉంచుకోనా?"

"అది ఊడితె ఇంకోటి రాదా? ఇంకా పెద్దగొస్తది. నాకు ఎర్క లేదా ఏంది?"

అది నిజమే.

పదకొండో రోజు పొద్దున లింగం సైకిలుకు సంచి తగిలించుకుని వచ్చి, గేటు దగ్గర కౌసల్యమ్మగారితో మాట్లాడుతూ నిలబడ్డాడు. పెరట్లో నేను వేలికి గుడ్డ చుట్టుకోబోయి ఆగాను. ఇప్పుడు ఇది నన్ను కరిస్తే మళ్ళీ పది రోజులు చూడాలి. కౌసల్యమ్మగారు కూడా కాదనలేరు. కానీ అబద్ధం చెప్పడం నాకు రాదు. నిజంగా కరవాలి.

ఉత్త వేలు నోట్లో పెట్టి పాలకోరను నొక్కాను. కుయ్యిమంది. ఇంకా గట్టిగా నొక్కాను. దవడ వణికింది గాని మూసుకోలేదు. నోరు ఇంకొంచెం తెరిచి, ఎప్పుడు వదులుతానా అని నా ముఖంలోకి చూసింది.

వేలు తీసేశాను.

"కరుస్తదా అమ్మా?" అంటూ లింగం లోపలికి వచ్చాడు.

"కరవదు. ఒక పాలపన్ను ఊడాల్సి ఉంది. అప్పటిదాకా ఎముకలు వెయ్యకు. రోజూ చూడు."

"కుక్కకు పండ్లు గూడ జూస్తరా?" అని నవ్వాడు.

ఒకవేళ చూస్తాడేమోనని, దాని దవడ పట్టుకుని అది ఏ పన్నో చూపించాను.