ఫెర్మో ప్లేటు

మా ఆయన మర్నాడు కొండెక్కుతాడా లేదా అన్నది ముందురోజు సాయంత్రం ఆయన ప్లేటు చూసి చెప్పేసేదాన్ని. ఇందులో మంత్రమేమీ లేదు. కొండ ఉందంటే సైకిలు మనిషి వెన్న ముట్టడు, చీజు ముట్టడు, ఉప్పేసి వండిన తెల్లన్నం ఇంత తిని లేచిపోతాడు. బరువు తిండి తింటే రెండో మలుపులోనే కాళ్ళు మొరాయిస్తాయి. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలియక, నా వంట నచ్చలేదేమోనని ఏడ్చాను కూడా. ఆ తరవాత ఇక నోరు విప్పి అడగాల్సిన పనే లేకపోయింది.

ఇసెయో సరస్సు తూర్పు ఒడ్డున మాది పాత రాతి ఇల్లు. పైన అతిథుల గదులు, కింద నా వంటిల్లు, పెరట్లో సైకిళ్ళ షెడ్డు. వారానికో గుంపు వస్తుంది. పగలంతా తొక్కుతారు, సాయంత్రమంతా తింటారు. వాళ్ళని తిప్పడం మా ఆయన ఫెర్మో పని, మేపడం నా పని. ఏటా మొదటి గుంపుని ఇంటి వెనక కొండమీది సాన్ రొక్కో చర్చిదాకా ఎక్కించి, అక్కడున్న గంట కొట్టేవాడు. అది వినబడగానే ఒడ్డున వలలు ఆరేసుకునేవాళ్ళు కూడా తలెత్తి, "ఫెర్మో ఎక్కేశాడ్రా, ఇక చలి పోయినట్టే" అనుకునేవాళ్ళు.

ఈ చలికాలం ఆయన షెడ్డులో కళ్ళు తిరిగి పడిపోయాడు. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, మొహమాటం లేకుండా చెప్పింది. "నడవండి. చదునుగా ఉన్నచోట మెల్లగా తొక్కండి. కొండ మాత్రం వద్దు, ప్రాణం మీదికొస్తుంది." మా ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. తన సైకిలు తనే అమ్మేశాడు. గుంపుల్ని తిప్పే పని పక్కింటి గౌదెంజియోకి అప్పజెప్పి, తను వెనక వ్యానులో వస్తానన్నాడు. వాళ్ళమ్మ సమాధి మీద చెయ్యేసి ఒట్టు కూడా పెట్టాడు. అంత సులభంగా ఒప్పుకున్నాడేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మొదటి గుంపు డెన్మార్కు నుంచి వచ్చింది. వచ్చేసరికి వాన. తడిసిన బూట్లు నా గుమ్మంలో, తడిసిన కోట్లు నా కుర్చీల మీద. సరస్సు కనబడే గది నాకంటే నాకని కాసేపు రభస. సర్దుకున్నాక ఒక్కొక్కరే వాసన పట్టుకుని వంటింటి వైపు జారుకున్నారు. అందులో కిర్‌స్టెన్ అని ఒకావిడ, రిటైరైన టీచరు, అడక్కుండానే నా గిన్నెల మూతలు ఎత్తి చూస్తోంది. నా మూత ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఇందులో ఏముంది?" అంది.

"మూత ఎత్తినవాళ్ళ వేళ్ళు" అన్నాను. పకపకా నవ్వి ఇంకో మూత ఎత్తింది. ఇలాంటి మనిషిని ఏం చేస్తాం?

చేపల్లోకి కొత్తిమీర కోసుకొద్దామని పెరట్లోకి వెళ్ళాను. ఫెర్మో షెడ్డులో ఒక్కొక్కరినీ నిలబెట్టి వాళ్ళ కాళ్ళకి తగ్గట్టు సీట్లు సరిచేస్తున్నాడు. ఈలేస్తున్నాడు. చలికాలం మొదలయ్యాక ఆయన ఈల వినడం అదే మొదలు. గోడవారగా ఎవరికీ ఇవ్వని సైకిలొకటి ఉంది. దాని సీటు బాగా పైకి లేచి ఉంది.

"ఇదెవరికి?"

"ఎవరికీ కాదు. దారిలో ఎవరిదైనా చెడితే ఇద్దామని."

"ఎవరిదో తెలియకుండానే అంత ఎత్తు పెట్టావా?"

"డెన్మార్కువాళ్ళు తాటిచెట్లలా ఉన్నారు, చూడలేదా? పోవే, నీ పొయ్యి మాడిపోతుంది" అన్నాడు.

ఆయనా తాటిచెట్టే. ఆ సీటు ఎవరి కొలతో కళ్ళు మూసుకుని చెప్పగలను. పోట్లాడితే నవ్వేసి మాట దాటేస్తాడు. అందుకని పరీక్ష పెట్టాను. వండుదామనుకున్న సరస్సు చేపల్ని మళ్ళీ ఫ్రిజ్‌లో తోసేసి, పెద్ద రాగి గిన్నె దించి, మొక్కజొన్న పిండితో పొలెంతా మొదలుపెట్టాను. కొండ చీజు గుప్పెళ్ళతో వేశాను. సేజ్ ఆకు వేసి కాచిన వెన్న పైన ధారపోశాను. గౌదెంజియో తొంగిచూసి గుండెలు బాదుకున్నాడు.

"అమ్మా తల్లీ, రేపు కొండ! వీళ్ళకి ఇది పెడతావా? ఒక్కడైనా ఎక్కుతాడా?"

"దిగి నడుస్తారు. కాళ్ళు లేవా వాళ్ళకి?" అన్నాను.

భోజనాలకి కూర్చున్నారు. ఫెర్మో ఎప్పట్లాగే బల్ల చివర, ఆయన కాళ్ళ దగ్గర మా కుక్క బిర్బా. ఆయన ప్లేటు నింపి ఎదురుగా పెట్టి, వడ్డిస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూశాను. చెంచా ముంచాడు. ఎవరికో ఏదో కథ చెబుతున్నాడు, చేతులు ఊపుతున్నాడు, అందర్నీ నవ్విస్తున్నాడు. నేను పొయ్యి దాకా వెళ్ళొచ్చేసరికి ప్లేటు ఖాళీ.

"పియెరా! ఇంత బాగా వండి ఇంతేనా పెట్టేది?"

మళ్ళీ వడ్డించాను. మళ్ళీ ఖాళీ. మూడోసారి ఆయన అడక్కుండా నేనే వేశాను. అదీ తుడిచిపెట్టేశాడు. అబ్బ, నా ప్రాణం ఎంత కుదుటపడిందో చెప్పలేను. వెళ్తూ వెళ్తూ ఆయన బట్టతల మీద ముద్దు పెట్టాను. కిర్‌స్టెన్ చప్పట్లు కొట్టింది.

పొద్దున లేచేసరికి పక్కన ఆయన లేడు. వ్యాను కడుగుతున్నాడేమో అనుకుని కిందికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టాను. అతిథులు ఇంకా కళ్ళు నులుముకుంటూ దిగుతున్నారు. రోజూలాగే ఎండు రొట్టె పాలలో నానేసి బిర్బా ముందు పెట్టాను. అది వాసన కూడా చూడలేదు. మూలన పక్కకి పడుకుని, పొట్ట డప్పులా ఉబ్బి, నావైపు ఓ కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది. వంగి దాని మూతి చూశాను. మీసాలకి చీజు అంటుకుని ఎండిపోయి ఉంది.

మూడు ప్లేట్లూ కుక్క తింది. నేను ప్లేటు చదువుతానని ఆ మనిషికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. నేను చదవాలనే ఖాళీ చేసి చూపించాడు.

షెడ్డులో గోడవార సైకిలు లేదు. వ్యాను తాళాలు మేకుకే వేలాడుతున్నాయి. "పాలు చూడు!" అని కిర్‌స్టెన్‌కి కేకేసి, ఏప్రన్‌తోనే వ్యానెక్కాను. ఆ బండి నేను నడిపేది ఎప్పుడో, అదీ ఊళ్ళోనే. గేర్లు కర్రుకర్రుమంటుంటే మలుపు తరవాత మలుపు ఎక్కాను. ప్రతి మలుపులోనూ ఆయన పడి ఉంటాడనే అనుకున్నాను.

పడలేదు. చర్చికి రెండు మలుపుల కింద కనబడ్డాడు, తొక్కుతూ. మొహం ఎర్రగా, చెమటలు కారుతూ, కుర్రాడిలా ఉన్నాడు. దాటి వెళ్ళి వ్యాను రోడ్డుకి అడ్డం పెట్టేశాను. కాలు కింద పెట్టి ఆగాడు.

"ఎలా కనిపెట్టావే?"

"కుక్క చెప్పింది."

నవ్వాడు. ఊపిరి అందక మధ్యలో ఆగి, మళ్ళీ నవ్వాడు. "రెండు మలుపులే పియెరా. గంట కొట్టేసి, నువ్వెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటా."

"ఒక్క అడుగు వెయ్యవు. ఎక్కు."

"వాళ్ళ వెనకాల వ్యానులో పాకుతూ వెళ్ళడం నా వల్ల కాదే. అదీ ఒక బతుకేనా?"

"నాకు నువ్వు బతికుంటే చాలు. అది బతుకేనా కాదా తరవాత తీరిగ్గా పోట్లాడుకుందాం. ఎక్కు!"

ఒకసారి పైకి చూశాడు. అక్కణ్ణించి చర్చి కప్పు కనబడుతుంది. ఎక్కాడు. సైకిలు నేనే వెనక పడేశాను, బెల్టు కూడా నేనే బిగించాను. చొక్కా వెనక జేబులోంచి వెండికాగితంలో చుట్టిన అన్నం ముద్ద తీశాడు. తెల్లారకుండానే తనే వండుకున్నట్టున్నాడు. రెండుగా విరిచి సగం నాకు చాచాడు.

"తిను. ఏమీ తినకుండానే పరిగెత్తుకొచ్చి ఉంటావు."

"నీ దొంగన్నం నాకక్కర్లేదు" అన్నాను. ఆ సగం నా ముందు స్టీరింగ్ అవతల పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అలిగితే ఆయనెప్పుడూ అంతే.

వ్యాను కిందికి తిప్పి, ఇక తిట్లు మొదలుపెట్టాను. కళ్ళు రోడ్డు మీంచి తిప్పడానికి నాకు ధైర్యం లేదు, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గులేదా అన్నాను. చచ్చిపోయిన అమ్మ మీద ఒట్టు పెట్టి ఆవిడ పరువు తీశావన్నాను. నోరులేని జీవానికి అంత చీజు పెడతావా, అది చస్తే ఎవరిది పాపం అన్నాను. "మాట్లాడవేం? మాట్లాడకు. అలుగు, బాగా అలుగు. సాయంత్రం దాకా అలిగినా బతిమాలేది లేదు" అన్నాను. నీకేమన్నా అయితే ఈ ఇంట్లో నేనెవరికి వండాలి అని కూడా అన్నాను. అది మాత్రం కొంచెం మెల్లగా అన్నాను.

పెరట్లో అతిథులంతా హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. కిర్‌స్టెన్ ఫెర్మోని చూసి చెయ్యి ఊపింది. ఊపుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"దిగు" అన్నాను నేను, ఇంకా అటు చూడకుండానే.

కొండ ఎక్కినందుకే దారిలో గుండె ఆగిపోయిందని డాక్టరు తరవాత చెప్పింది. పైదాకా పోనిచ్చి ఉండాల్సిందని గౌదెంజియో అనడు కానీ, వాడి మనసులో ఉన్నది అదే. ఎవరేమనుకున్నా, మళ్ళీ అదే జరిగితే మళ్ళీ వ్యాను అడ్డం పెడతాను. దానికి నాకు విచారం లేదు. ఆయనిచ్చిన సగం ముద్ద ఆ సాయంత్రం నేనొక్కదాన్నే కూర్చుని తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

చర్చి దగ్గర్నించి మా ఇంటిదాకా అన్నీ మలుపులే. ఏ మలుపు దాకా ఆయన నా తిట్లు విన్నాడో, ఏ మలుపు నుంచి నేనొక్కదాన్నే తిట్టుకుంటూ వచ్చానో, అదే నాకు తెలియదు.