స్టెప్నీ లేని ప్రయాణం

కారు కొన్నది దుబాయిలో ఉండే మా ఆయన శ్రావణ్ డబ్బుతో. నడిపేది మాత్రం నేను. ఏడేళ్లుగా ఆయన అక్కడ, నేను కోరుట్ల దగ్గర మా ఊళ్లో. దారిలో బండి ఆగిపోతే ఎవరొస్తారని, డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడే చక్రం మార్చడం కూడా నేర్చుకున్నాను. జాకీ, పానా, గాలి పంపు, టార్చి లేకుండా బండిని గేటు దాటనివ్వను. ఊళ్లో నవ్వుతారు. నవ్వుకోనీ.

ఆ రోజు ఆయన తిరుగు ప్రయాణం. ఆరు నెలల సెలవు అయిపోయింది, మర్నాటిలోగా అక్కడ దిగకపోతే వీసా రద్దు. సాయంత్రం ఏడున్నరకు శంషాబాద్‌లో విమానం. మా దగ్గర ఒకరు దుబాయి పోతున్నారంటే ఊరంతా పొట్లాలు పట్టుకొస్తుంది. ఒకరి కొడుక్కి సకినాలు, ఒకరి అల్లుడికి మామిడికాయ తొక్కు. ఈ మనిషికి వద్దనడం చేతకాదు. నేను స్నానానికి వెళ్లిన సందు చూసి, డిక్కీలో అదనంగా ఉండే చక్రం, ఆ స్టెప్నీని తీసి అరుగు మీద పెట్టి, ఆ గుంట నిండా పొట్లాలు సర్దాడు. నాకు చెప్పనేలేదు.

జగిత్యాల దాటాక పది కిలోమీటర్లకు కంకర రాయి తగిలి వెనక టైరు పక్క చీలింది. పంపుతో గాలి కొడితే కొట్టిందంతా చీలికలోంచి పోతోంది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉండాల్సిన చోట సకినాల డబ్బా. ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడం చూస్తే ఇంకా మండింది.

ఒంటిగంటకల్లా కదలకపోతే విమానం అందదు. అప్పటికే పన్నెండుంబావు. ఇంటి నుంచి స్టెప్నీ తెప్పిస్తే గంటన్నర, జగిత్యాల పోయి కొత్త టైరు వేయించుకొచ్చినా అంతే. పెళ్లి ముహూర్తాల రోజు కదా, ఫోన్ చేస్తే జగిత్యాలలో కిరాయి బండి ఒక్కటీ ఖాళీ లేదన్నారు. బస్సులు మారుతూ పోతే అందదు. రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. గడియారం చూస్తాను, టైరు చూస్తాను, మళ్లీ తిరుగుతాను. నిజం చెప్పాలంటే, ఏదో ఒకటి అడ్డం పడి ఈ ప్రయాణం ఆగిపోతే బాగుండునని పొద్దున్నుంచి లోలోపల అనుకున్నదాన్ని నేనే. తీరా ఆగాక కాలు ఒక్క చోట నిలవలేదు.

ఇంతలో బంతిపూల దండ కట్టిన కొత్త కారొకటి వచ్చింది. మాది ఏ మోడలో అదీ అదే. ఎదురెళ్లి చేతులడ్డం పెట్టి ఆపాను. నడుపుతున్నాయన పేరు లక్ష్మీరాజం, పక్కన తల్లి సారక్క. వాహన పూజకు కొండగట్టు ఆంజనేయుడి గుడికి పోతున్నారు. మా సంగతంతా చెప్పి, రేపు ఇంటికి తెచ్చిస్తానని స్టెప్నీ అడిగాను. ఆయన ముఖం ఇబ్బందిగా పెట్టాడు.

"చెల్లే, బండి ఇంక అంజన్న ముంగటికి పోలే. పూజ గాకముందే చక్రం తీసిస్తే మంచిది గాదు."

ఆయన తప్పేం లేదు. నా కొత్త కారైతే నేనూ ఇవ్వను. అయినా కదలకుండా నిలబడ్డాను. సారక్క నన్ను, దూరంగా నిలబడ్డ శ్రావణ్‌ను చాలాసేపు చూసింది.

"ఆయన పోవుడు నీకు ఇష్టమేనా బిడ్డా?"

ఏడేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"పోవాలె అవ్వా" అన్నాను.

"ఇయ్యి రాజం. అంజన్నకు నేను జెప్పుకుంట" అంది కొడుకుతో.

చక్రం నేనే బిగించాను. శ్రావణ్ చేయబోతే పానా ఇవ్వలేదు. వాళ్ల కారు కొండగట్టు వైపు సాగిపోయాక చేతులు తుడుచుకుంటుంటే ఆయన దగ్గరికొచ్చాడు.

"శ్యామలా, వాపస్ పోదామా? ఈడనే ఏదన్న పని జేసుకుంట."

ఆ మాట కోసం ఏడేళ్లు కాచుకున్నాను. సగంలో ఆగిన ఇంటి స్లాబు, మా పిల్లదాని బడి ఫీజు, మంచం పట్టిన మా మామ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఒంటిగంటకు ఇంకా అయిదు నిమిషాలుంది.

"ఎక్కు. టైమైతుంది" అన్నాను.

ఎక్కాడు. విమానం అందింది. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇంతవరకూ తగ్గలేదు.