సంధ్యారాణి వీపుసంచి

కిందటి శ్రావణంలో రామగిరి గుట్ట ఎక్కేటప్పుడు సంధ్యారాణి చేతుల్లో రెండు ప్లాస్టిక్ కవర్లు, భుజానికి ఒక హ్యాండ్‌బ్యాగు ఉన్నాయి. సగం దారిలో ఒక కవరు పిగిలి పులిహోర డబ్బా బండల మీద దొర్లుకుంటూ పోయింది. మూత ఊడింది. కోతులు పండుగ చేసుకున్నాయి.

ఈ ఏడు వీపుసంచి కొందామని గోదావరిఖని బజారంతా తిరిగింది. ఆమె పొట్టి మనిషి. ఏ సంచి తగిలించుకున్నా పిరుదుల మీదికి జారి, అడుగడుక్కీ వెనకనుంచి ఎవరో తంతున్నట్టు ఉంది. బస్సులో సెంటినరీ కాలనీకి తిరిగొస్తూ ఫోన్‌లో ఎవరో సంచి కుట్టుకుంటున్న వీడియో చూసింది. దిగేసరికి తేల్చుకుంది.

"నేనే కుట్టుకుంట అత్తమ్మా."

సారవ్వ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపి కోడలి వంక చూసింది. జాకెట్టు హుక్కు ఊడినా తన దగ్గరికే తెచ్చే పిల్ల ఇది. "కుట్టు బిడ్డా," అంది. "సూది ఎటు పట్టాల్నో ఎరికేనా?"

సంధ్యారాణి బొగ్గుబాయి మీద ల్యాంపురూంలో పనిచేస్తుంది. కిందికి దిగేవాళ్ల టోపీలకు దీపాలిచ్చి, పైకొచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం డ్యూటీ. అక్కడ తనతోపాటు పనిచేసే లిల్లీ ఇంట్లో కుట్టుమిషను ఉంది. సోఫా కవర్లు కుట్టే దుకాణంలో మిగిలిన ముదురాకుపచ్చ మందపాటి గుడ్డ తీసుకుని, రోజూ షిఫ్టు దిగాక లిల్లీ ఇంటికి పోసాగింది.

ముందుగా నీళ్ల సీసాకు జేబు కుట్టింది. అయ్యాక సంబరంగా తిరగేయబోతే చెయ్యి లోపలికి పోలేదు. లిల్లీ దాన్ని నాలుగు పక్కలా తిప్పి చూసింది.

"అన్ని దిక్కుల కుట్టినవే. సీసా ఏ తొవ్వల పోవాలె?"

రెండో జేబుకు మూతి ఉంది కానీ సీసా పట్టలేదు. గుండ్రటి సీసాను బల్లపరుపుగా కొలిచిందని అప్పుడు తెలిసింది. మూడోదాంట్లోకి సీసా సర్రున జారి కూర్చుంది. ఆ జేబును సంధ్యారాణి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చింది.

ఇక లోపలి చట్రం. సంచి కుప్పకూలకుండా, బరువు నడుం మీద నిలవడానికి వీపు వైపు గట్టి ఊచ ఒకటి ఉండాలి. అల్యూమినియం గొట్టం తెచ్చి మోకాలికి ఆనించి వంచితే వంగినచోట నలిగి విరిగింది. ఇంకోటి తెచ్చింది. అదీ అంతే. చిరాగ్గా వరండాలోకి వచ్చిన ఆమెకు మామ నర్సింగం మడత కుర్చీ కనబడింది. దాని వీపు గొట్టం అచ్చంగా కావలసినట్టే వంగి ఉంది. తన వీపుకు ఆనించి చూసుకుంది. కొలిచి చేసినట్టుంది. పైగా కుర్చీకి ఒక కాలు ఎప్పుడో ఊడి, తీగతో కట్టి ఉంది.

నర్సింగం బాయిలో రిటైరైనప్పటి నుంచి పొద్దున చాయ ఆ కుర్చీలోనే తాగుతాడు. ఆయన కోడికూర కొనడానికి పోయివచ్చేసరికి కుర్చీ లేదు.

"సారవ్వా, నా కుర్చి ఏది?"

"నీ కోడలి సంచిల ఉన్నది," అంది సారవ్వ.

 మర్నాడు ఆయన గడప మీద కూర్చుని చాయ తాగాడు. అది సంధ్యారాణికి ముల్లులా గుచ్చుకుంది. "కొత్తది తెస్త మామా," అంది.

"కొత్తదాంట్ల నా నడుం ఎట్ల పడతది బిడ్డా? అది నాకు అలవాటైన కుర్చి." అని గ్లాసు పక్కన పెట్టి లోపలికి పోయాడు.

భుజాల పట్టీలు కుట్టేటప్పుడు మిషను సూదులు పుటుక్కుమని విరిగాయి. నాలుగు పొరల గుడ్డ మరి. సంచిని ఇంటికి మోసుకొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, సారవ్వ ట్రంకుపెట్టెలోంచి దబ్బనం, పాత నూలుచీర తీసుకొచ్చింది. చీరను మడతలు పెట్టి పట్టీ లోపల దూర్చి, బొంత కుట్టినట్టు టాకాలు వేయడం మొదలుపెట్టింది.

"మెత్తగుంటది, భుజం కొయ్యది. నువ్వు గా రెండోది కుట్టు."

వాకిట్లో అత్తాకోడళ్లు చెరో పట్టీ పట్టుకున్నారు. సారవ్వ టాకాలు చీమల బారులా నడిచాయి. సంధ్యారాణివి తాగినవాడిలా నడిచాయి. విప్పి మళ్లీ కుడతానంటే సారవ్వ ఒప్పుకోలేదు. "ఉండనియ్. ఏది ఎవలు కుట్టిన్రో తెలుస్తది."

సంచి పూర్తయిన రెండోరోజు సంధ్యారాణి డ్యూటీ నుంచి వచ్చేసరికి అది గోడ కొయ్యకు లేదు.  వెతుక్కుంటూ బయటికి వస్తే కాలనీ రోడ్డు మీద నర్సింగం, పక్కింటి సదయ్య నడిచి వస్తున్నారు. సంచి నర్సింగం వీపున ఉంది. నిండా ఇటుకలు.

"దించు మామా, పిగులుతది."

"పిగిలితే ఈడ్నే పిగలాలె, గుట్ట మీద గాదు. ముంగట ఛాతికి ఒక పట్టీ పెట్టు, భుజాలు జారుతున్నయి." అని సదయ్య వైపు తిరిగాడు. "మా కోడలు కుట్టింది."

"పొద్దటి నుంచి గదే చెప్తున్నవ్ గదనే," అన్నాడు సదయ్య.

సంధ్యారాణికి ఆ రోజు అన్నం రెట్టింపు తినబుద్ధయింది.

అందరికీ కుదిరిన రోజు చూసుకుని నలుగురూ రామగిరి గుట్టకు బయలుదేరారు: అత్త, మామ, లిల్లీ, తను. భర్త సంపత్‌కు సెలవు దొరకలేదు. సంచి తన వీపుకే అంటుకుని, నడుం మీద కూర్చుని, తనతోపాటే మలుపులు తిరుగుతుంటే ఆమెకు పరుగెత్తాలనిపించింది. కొంత పరుగెత్తింది కూడా.

సగం ఎక్కాక టప్పుమని చప్పుడైంది. ఎడమ పట్టీ కింది కుట్టు తెగి సంచి ఒక పక్కకు వాలింది. వంకర టాకాల పట్టీయే. సారవ్వ చెయ్యి చాపింది.

"ఇటు తే, నేను కుడుత."

"వద్దు అత్తమ్మా. నేనే కుడుత."

పక్కజేబులోంచి దబ్బనం, దారం తీసి బండ మీద కూర్చుంది. ఎక్కేవాళ్లు తప్పుకుంటూ పోతున్నారు. ఒకామె ఆగి ఆయాసం తీర్చుకుంటూ సంచిని తడిమి చూసింది.

"మంచిగున్నది చెల్లె. ఎక్కడ కొన్నవ్?"

"కొనలేదక్కా, కుట్టిన," అంది సంధ్యారాణి దారం పంటితో తెంపుతూ. "ఇంకా కుడుతనే ఉన్న."

లిల్లీ నవ్వు ఆపుకోలేక బండకు ఆనుకుంది. ఈసారి కుట్టు అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా వేసింది. నర్సింగం రెండు చేతులతో పట్టి గుంజి చూసి తలూపాడు. మళ్లీ తెగలేదు.

పైకి చేరేసరికి గాలి తిరిగింది. దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు, పవర్‌ప్లాంటు పొగగొట్టాలు ఒక్కొక్కటే వానలో కలిసిపోయాయి. వాన వాళ్లనూ అందుకుంది. గుట్ట మీది పాత కోట గోడ వంపులోకి దూరి సంచి విప్పారు. గుడ్డ మీద నీళ్లు ముత్యాల్లా జారిపోతున్నాయి కానీ కుట్ల వెంట లోపలికి ఇంకాయి.

"ఆగమాగమున్నదే నీ సంచి," అంది లిల్లీ. "నీళ్ల సీసా పొడిగున్నది, సర్వపిండి తడిసింది."

కరకరలాడాల్సిన ఆ బియ్యప్పిండి రొట్టె చెయ్యి వేస్తే విరగకుండా సాగింది. నలుగురూ వానలో అదే తిన్నారు. నర్సింగం ఇంకో ముక్క అడిగాడు. సంధ్యారాణి తింటూనే కుట్లను వేలితో తడుముతూ, పాత గొడుగు గుడ్డతో పైన ఒక తొడుగు వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించసాగింది.

తర్వాతి ఆదివారం సాయంత్రం గొడుగు గుడ్డ పట్టుకుని లిల్లీ ఇంటికి బయలుదేరుతుంటే, సారవ్వ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను గూడ వస్త. గా మిషిన్ ఒక్కసారి తొక్కి చూస్త."

జీవితమంతా చేత్తోనే కుట్టిన మనిషి. స్టూలు మీద కూర్చుని కాళ్లు పెడితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. లిల్లీ మళ్లీ దారం ఎక్కించింది. సంధ్యారాణి అత్త పక్కన వంగి, చక్రాన్ని చేత్తో ముందుకు తోసింది.

"ఇగో, ఇప్పుడు తొక్కు."

మిషను టకటకా కదిలింది. సారవ్వ ఉలిక్కిపడి, తర్వాత పెదవులు బిగించి, తర్వాత బోసినోటితో నవ్వుతూ తొక్కసాగింది. కుట్టు వంకర్లు పోయి పోయి అంచు దాటింది. "ఆపు అత్తమ్మా, గుడ్డ అయిపోయింది," అని సంధ్యారాణి అంటూనే ఉంది. సారవ్వ కాళ్లు ఆగలేదు.