పట్టీతల బాతులు

పిట్ట తోలు ఒలవడం నాకు నా మొగుడు నేర్పాడు. పొట్ట దగ్గర సన్నగా కోసి, ఈక చెదరకుండా ఒలిచి, లోపల ఉప్పూ పటికా రాసి, దూది కూరి కుట్టాలి. పెనుకొండ బంగళా దొరకు పిట్టలను పెట్టెల్లో పెట్టి ఓడలో తన సీమకు పంపే పిచ్చి. దొర తుపాకితో కాల్చేది మా ఆయన, ఒలిచేది నేను. ఒలిచేదీ ఆయనేననుకుని, "వీరభద్రయ్యా, నీ చేతిలో పనితనం ఉందయ్యా" అని దొర తెలుగులోనే మెచ్చుకున్నాడని ఆయన ఇంటికొచ్చి మురిసిపోయేవాడు. అప్పుడు నేను గోళ్లలో ఇరుక్కున్న నెత్తురును బూడిదతో తోముకుంటూ ఉండేదాన్ని.

దీపావళి దాటితే చెరువుకు ఉత్తరాన్నుంచి పక్షులు వస్తాయి. ఆ ఏడు దొరకు తలమీద రెండు నల్ల పట్టీలుండే బాతు కావాలి. దొరికితే మా ఆయనకు బంట్రోతుల మీద పెద్దగా డఫేదారు పని.

"గుడ్డలుతికేకి పోతావు గదమ్మే, యాడన్నా కనపడితే చెప్పు," అన్నాడు.

కనపడ్డాయి. తూము పక్క జమ్ముగడ్డిలో, జంట. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా ఎవరికీ చెప్పలేదు. నాకు మళ్లీ నెల తప్పింది.

కడుపుతో ఉన్నదాని మొగుడు ప్రాణి మీద చెయ్యెత్తకూడదు. కోడిని కోయాలన్నా పక్కింటివాళ్లను పిలుస్తారు. పోయినసారి ఆ మాట అత్త ఎదుటే అన్నాను. ఆయన నవ్వాడు. "తుపాకి దొరది, గుండు దొరది. పాపం నాకెట్ల వస్తాదే?" ఐదో నెలలో కడుపు పోయింది. "మిట్టమధ్యాన్నం బావికాడికి యాల పోయినావు?" అని అత్త నన్నడిగింది. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పచ్చి ఒంటితోనే ఆ వారం ఒక కొంగ తోలు ఒలిచాను.

అప్పటినుంచీ భయమే. నీళ్లు తోడుతున్నప్పుడు నడుములో కలుక్కుమంటే చాలు, ఎక్కడో తుపాకి పేలిందేమోనని చెవి ఒగ్గేదాన్ని. అత్త నా నడకను గమనిస్తోంది. "నీ కడుపు బాడిగ ఇల్లమ్మే, ఎవురూ నిలబడరు," అన్న నోరు అది.

ఒక సాయంత్రం ఆయన నూనెగుడ్డతో తుపాకి తుడుస్తూ, "తూముకాడ ఉండాయని పక్కింటి ఈరక్క చెప్పింది. తెల్లారి దొరా నేనూ పోతాండాం," అన్నాడు. "నువ్వు రోజూ ఆడికే పోతావే. కండ్లు యాడ పెట్టుకున్యావు?"

తెల్లవారకముందే విడిచిన గుడ్డలు మూటగట్టుకుని వాళ్లకంటే ముందు చెరువు చేరాను. మంచులో గట్టుమీద దొర టోపీ, దాని ముందు తుపాకి పట్టుకుని వంగి నడుస్తున్న ఆయన. బాతులు రెక్కల్లో తలలు దాచుకుని ఉన్నాయి. కదలొద్దని ఆయన నాకు చెయ్యి ఊపాడు. చప్పుడు చేస్తే ఇంటికెళ్లాక తన్నులే. ఆ తన్ను కడుపు మీద పడవచ్చు కూడా. దుప్పటి నీళ్లలో ముంచి తలపైకెత్తి బండకేసి కొట్టాను. మళ్లీ కొట్టాను.

బాతులు లేచాయి. తుపాకి ఆలస్యంగా పేలింది. అవి కొండ దాటిపోయాయి.

ఆయన గట్టు దిగి నా మీదికి వచ్చాడు. వెనకే దొర. "ఏం చేస్తాండావే?" అని అరిచాడు మా ఆయన.

"గుడ్డలుతుకుతాండా." దొరకు వినపడేటట్టు గొంతు పెంచాను. "నేను కడుపుతో ఉండా. ఇంక ఈయన తెచ్చే పిట్టల తోళ్లు ఒలవను, దూది కూరి కుట్టను. ఆ పని ఈయన్నే చేసుకోమనండి."

దొర ఆయన చేతులకేసి చూశాడు. నేను మూటలోంచి ఆయన ఖాకీ కోటు తీసి బండమీద పరిచాను.