నాము మొలిచిన చేను

కుందుర్పి పక్కన ఆ ఊళ్ళో ఏ తల్లికైనా కొడుకు మీద కోపం వస్తే ముందుగా నోటికొచ్చే పేరు గిరి. "తిప్పయ్య కొడుకును చూసి బుద్ధి తెచ్చుకోరా" అనేవారు. గిరి తాగడు. పేకాట జోలికి పోడు. డిగ్రీ చదివాడు, పోలీసు ఉద్యోగానికి పోయి పరుగు పందెంలో వెనకబడి ఇంటికొచ్చాడు. నామోషీ అనుకోకుండా తండ్రితో కలిసి గొర్రెల మందను పట్టుకున్నాడు. పగలు మందతోనూ మిగతా పొద్దంతా ఫోనుతోనూ గడిపే పిల్లవాడిలో తప్పు పట్టడానికి ఏముంది?

తల్లి రామాంజినమ్మ కూడా అలాగే మురిసిపోయింది. కొళాయి దగ్గర పొరుగింటి సుబ్బలక్ష్మమ్మ తన కొడుకు తాగుడు తలచుకుని ఏడ్చినప్పుడల్లా పైకి ఓదార్చినా, లోపల మాత్రం నా బిడ్డ అట్లాంటివాడు కాదులే అని గర్వపడేది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకుందా? అల్లరి చేయని బిడ్డ బాగున్న బిడ్డేనని మనమందరం అనుకునేవాళ్ళమే. బిడ్డ అరిస్తే పరుగెత్తుకొస్తాం, నోరెత్తకుండా కుంగిపోతుంటే తలుపు దగ్గరగా వేసి మన పనికి మనం పోతాం.

తెలుసుకోవాలంటే ఆనవాళ్ళు లేకపోలేదు. ముందుంచిన సంగటి ముద్ద పళ్ళెంలోనే గట్టిపడేది. కళ్ళు ఎప్పుడు చూసినా చింతనిప్పులే. బొటనవేలు వంగడం లేదని ఒకసారి, మెడ పట్టేసిందని ఒకసారి నూనె రాయమన్నాడు. రాత్రి నిద్ర పోతున్నావా అని అడిగితే కసురుకున్నాడు. వయసు వేడి అనుకుంది తల్లి. ఎండ దెబ్బ అన్నాడు తండ్రి.

మందకు ఇద్దరుండాలి. ఒకరు ముందు నిలబడి మందను ఆపుతారు, ఇంకొకరు వెనక నుంచి తోలుతారు. ముందు నిలిచినవాడు మందకు వీపు చూపకూడదన్నది తిప్పయ్య తాతల నాటి కట్టుబాటు. నడవలేని పిల్లలను, ఈనే గొర్రెలను చూసుకుంటూ తిప్పయ్య వెనక ఉండేవాడు. కాళ్ళలో సత్తువున్నవాడు కాబట్టి గిరిని ముందు నిలబెట్టేవాడు.

ఆ రోజు దారిలో జొన్న కోసిన చేను తగిలింది. కోసిన మోళ్ళకు ఒక్క పదును వాన పడితే మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. వాటినే నాము అంటారు. చుట్టూ నేలంతా ఎర్రగా మాడిపోయి ఉన్నప్పుడు అదొక్కటే నవనవలాడుతూ కనిపిస్తుంది. మేసిన జీవం కాసేపటికే నురగ కక్కి కూలుతుంది. ఈ సంగతి ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు, గిరికి తెలియదా? తెలుసు. కానీ అతను బండ మీద, మందకు వీపు పెట్టి కూర్చున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఫోనులో యుద్ధం ఆట జోరుగా సాగుతోంది.

వెనక ఈనుతున్న గొర్రె దగ్గర ఉన్న తిప్పయ్య తలెత్తి చూసేసరికి సగం మంద చేలో పడింది. "గిరిగా! నాము! నాము మేస్తాండాయిరా!" అని గొంతు చించుకున్నాడు. బండ మీది మనిషి కదల్లేదు.

పశువుల డాక్టరు వచ్చి సూదులు వేసి కొన్నింటిని నిలబెట్టాడు. చాలా జీవాలు పోయాయి. పోయినవాటిలో బొల్లి కూడా ఉంది. తల్లి చచ్చిన ఆ పిల్లకు గిరే సీసాతో పాలు పట్టి పెంచాడు. తిప్పయ్య కోపం పట్టలేక ఫోను లాక్కుని బండకేసి కొట్టాడు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన రామాంజినమ్మకు అక్కడ కనిపించింది ఇది. బొల్లి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, దాని వైపు కన్నెత్తి కూడా చూడకుండా, గిరి ఫోను ముక్కలు ఏరుకుంటున్నాడు.

పోయిన గొర్రెలను ఆ తల్లి ఆ క్షణమే మరచిపోయింది. పోతున్నది బిడ్డ అని ఆమెకు అర్థమైంది.

ఫోను పగిలితే పీడ విరగడైందని అనుకున్నాడు తిప్పయ్య. మర్నాడే గిరి పొరుగువాళ్ళ ఫోను అడిగి, ఇవ్వకపోతే లాక్కోబోయి కొట్లాట పెట్టుకున్నాడు. అడ్డొచ్చిన తండ్రిని తోసేశాడు. ఆపైన గోడ వైపు తిరిగి పడుకుని, "నేను బతికి ఏం లాభం మా?" అన్నాడు.

ఊరు సలహాల మూట విప్పింది. గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నారు కొందరు. "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అన్నాడు తిప్పయ్య.

"జీవానికి జబ్బు చేస్తే కొడతావా? సూది యాపిస్తావు గదా! గొర్రెపాటి కూడా చెయ్యడా నా కొడుకు? అనంతపురం పెద్దాసుపత్రికి తీస్కపోతాండా" అంది రామాంజినమ్మ.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? వదినా, రేపు పిల్లనెవురిస్తారు?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"బిడ్డ మిగిలితే గదమ్మా పిల్ల సంగతి!"

తిప్పయ్య కూడా వెంట వెళ్ళాడు. ఆసుపత్రిలో డాక్టరు కృపాకుమారి ముందుగా గిరితోనే మాట్లాడింది. అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఆటలో నేను కెప్టెన్ మేడం. యాడెక్కడి పిల్లోళ్ళో నన్ను అన్నా అంటారు, నేను చెప్పినట్ల ఇంటారు. ఈడ నేనెవురు? సెలక్షన్‌లో ఓడిపోయినోన్ని. ఆడుతాంటే అది గుర్తుకు రాదు."

తిప్పయ్య తలొంచుకున్నాడు. కొడుకు గుండెలో ఇంత బరువుందని ఆయన ఏనాడూ అడిగి తెలుసుకోలేదు.

"ఆడేవాళ్ళందరికీ జబ్బు ఉన్నట్టు కాదమ్మా" అంది కృపాకుమారి. "కాసేపు ఆడి లేచిపోతే అది ఆటే. నిద్ర, తిండి, పని, మనుషులు అన్నీ వదిలేసి, నష్టమని తెలిసినా మానలేకపోతే, అది వైద్యం చేయాల్సిన సంగతి. మనసు కుంగినవాడు ఆటలో దాక్కుంటాడు, దాక్కున్న కొద్దీ ఇంకా కుంగిపోతాడు, ఒళ్ళూ చెడుతుంది. చచ్చిపోవాలన్న మాట అన్నాడు కాబట్టి కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దు. సిగ్గుపరచొద్దు, కొట్టొద్దు. పిలిచినప్పుడల్లా తీసుకురండి."

తీసుకెళ్ళారు. బస్సు రాని నాడు ఆటోలో, ఆటో లేని నాడు నడిచి రోడ్డెక్కి తీసుకెళ్ళారు. మందులు, మాటలు రెండూ సాగాయి. ఇంట్లో బటన్ల ఫోను ఒక్కటే ఉంచారు. ఇక రామాంజినమ్మ చేసింది ఆ ఊళ్ళో ఏ ఆడమనిషీ చేయని పని. కొంగు బిగించి, కర్ర పట్టుకుని మంద ముందు కొడుకు పక్కన నిలబడింది. నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని ఆమె నమ్మకం. మధ్యలో ఒకసారి గిరి ఎవరి ఫోనో దొరికించుకుని మళ్ళీ ఆడాడు. ఆమె తిట్టలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి బయలుదేరదీసింది.

మరుసటి ఏడు వాన వెలిసిన పొద్దున మంద మళ్ళీ అదే చేను పక్కకు వచ్చింది. మోళ్ళకు నాము మొలిచి ఉంది. గిరి చేనుకు వీపు, మందకు మొహం పెట్టి కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. గొర్రెలు ఆశగా మెడలు చాస్తున్నాయి.

"మా, ఈ పొద్దు చేతులు గుంజుతాండాయి. ఆడల్లనిపిస్తాంది" అన్నాడు మెల్లగా.

"నోరు తెరిచి చెప్పినావు, అంతే చాలు నాయనా. నేను యాడికీ పోను."

అతను ఒక్క అడుగు కూడా వెనక్కు వేయలేదు. మంద గట్టు వారగా సాగిపోయింది.

గడ్డి మోపుతో అటు వచ్చిన సుబ్బలక్ష్మమ్మ ఆగి గిరిని తేరిపార చూసింది. "పిల్లోడు మనిషైనాడు వదినా. మా మనవడు మాత్రం శానా నెమ్మది. ఫోనిస్తే చాలు, కూసున్న సోటు నుంచి కదలడు."

రామాంజినమ్మ ఆమె నెత్తి మీది మోపు దింపి, చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టింది.

"నేనూ అట్లే మురిసినానమ్మా, ఇల్లు కాలే దాకా. ఈ పొద్దే పోయి వాని పక్కన కూసో. ఏం ఆడుతాండాడో, ఎందుకు ఆడుతాండాడో అడుగు. నిద్ర పోతాండాడా, తింటాండాడా చూడు. చెయ్యి దాటిందనిపిస్తే సిగ్గుపడాకు, డాక్టరు కాడికి తీస్కపో. కాపలా అంటే మొహం బిడ్డ దిక్కు పెట్టేది, వీపు కాదు. కరువు సీమలో పుట్టినోళ్ళం, మనకు ఒకరు చెప్పల్లా? పచ్చగా ఉండేదంతా మేత కాదు."