కాళ్ళు కడిగేటప్పుడు కాళ్ళే కడుగు

షాద్‌నగర్ దగ్గరి కంపెనీలో షిఫ్టు దిగి నిరోష ఇంటికొచ్చిందంటే చాలు, నాలుగేళ్ళ వర్షిత ఆడుతున్న ఆట వదిలేసి అవ్వ శ్యామలమ్మ కొంగులో దూరేది. కన్నతల్లిని చూసి పిల్ల దాక్కోవడం ఎక్కడైనా ఉందా? ఉంది మరి, ఆ ఇంట్లో ఉంది! అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నిరోష సూపర్‌వైజర్ మీది కోపమంతా తెచ్చి పిల్ల వీపు మీద దించేది. పాలు ఒలికినా దెబ్బే, పలక పగిలినా దెబ్బే. ఎవరైనా అడ్డమొస్తే "మొక్కై వంగనిది మానై వంగుతదా?" అని సామెతొకటి. పైగా అత్త శ్యామలమ్మే పిల్లను తనకు కాకుండా చేస్తోందని లోపల కుళ్ళు.

ఒకరోజు పిల్లను తీసుకురావడానికి నిరోష అంగన్‌వాడీకి వెళ్ళింది. అక్కడ వర్షిత బొమ్మను కూర్చోబెట్టి చెంప మీద కొడుతోంది. "ఏడ్వకు! ఏడిస్తే ఇంకోటి పడ్తది" అంటోంది. అచ్చం తన గొంతే.

"టీచరమ్మా, నా బిడ్డ నాకు దక్కుతదా?" అని సైదమ్మ టీచర్ ముందు బావురుమంది.

సైదమ్మ నాగార్జునసాగర్‌లో ఒక బౌద్ధ భిక్షుణి దగ్గర ధ్యానమూ పిల్లల పెంపకమూ నేర్చుకొచ్చిన మనిషి. ఉపన్యాసమేమీ దంచలేదు.

"బయటి నుంచొస్తే కాళ్ళు కడుక్కునే ఇంట్లకు పోతవు గదా? గప్పుడు ఒట్టి కాళ్ళే కడుగు. నీళ్ళ సల్లదనం సూడు, నీ ఊపిరి సూడు. కంపెనీ యాదికొస్తే మళ్ళ కాళ్ళ మీదికి రా. కోపంతోని కొట్లాడకు. వచ్చిందని ఎరుకుంటే సాలు."

"గింతేనా?"

"గింతే. జేసి సూడు, ఎంతనో గప్పుడు తెలుస్తది."

ఆ సాయంత్రం నిరోష వాకిట్లో బండ మీద చెంబు పట్టుకొని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడేసరికి శ్యామలమ్మ గుండె గుభేలుమంది. కోడలికి గాలి సోకిందనుకొని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఇక్కడేమో పక్కింటిదాకా దగ్గులే! ధ్యానం సంగతి దేవుడెరుగు, నిరోషకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. ఆమె నవ్వగా ఆ ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందో.

ఒక్కరోజులో మారిపోయిందంటే అబద్ధం. మధ్యలో చెయ్యి లేచింది, పడింది కూడా. ఆ రోజు పిల్ల ముందు కూర్చొని "తప్పయింది బిడ్డా" అంది. పిల్ల అవ్వ దగ్గరికి వెళ్ళిపోయింది. మర్నాడు నిరోష మళ్ళీ చెంబు పట్టుకుంది.

ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారమంతా నిరోష నడుము విరిగేలా కూర్చొని ఏడాదికి సరిపడా మామిడికాయ తొక్కు పెట్టింది. ఓ సాయంత్రం కాళ్ళు కడుక్కొని గడప దాటేసరికి జాడీ ముక్కలై ఉంది, ఎర్రటి నూనె ఇల్లంతా పారుతోంది. శ్యామలమ్మ అడ్డంగా నిలబడింది. వెనక కొంగులో పిల్ల.

"నేనే పగులగొట్టిన. చెయ్యి జారింది. ఏమన్నా అంటే నన్నను."

ముసలామె చేతులకు నూనె చుక్క కూడా అంటలేదు. నిరోష చూసింది. తన కోపం సర్రున నెత్తికెక్కడమూ చూసింది. ఊపిరి తీసుకుంటూ ఉన్నచోటే నిలబడింది.

కొంగు కదిలింది. మోచేతుల దాకా కారం పూసుకున్న వర్షిత బయటికొచ్చి, తల్లి మొహంలోకి సూటిగా చూసింది.

"అవ్వ గాదమ్మా. నేనే. ముక్క తిందామని గుంజిన."

నిరోష మోకాళ్ళ మీద కూలబడి బిడ్డను వాటేసుకుంది. తొక్కు పోతే పోయింది, మామిడికాయలు మళ్ళీ కాస్తాయి! ఏడుస్తూనే అత్త వైపు చెయ్యి చాపింది.

"అత్తమ్మా, గిన్ని రోజులు నా బిడ్డ దాక్కునేతందుకు జాగా ఇచ్చినవ్. నువ్వు లేకుంటే అది ఎక్కడికి పోయేది? నీ కాళ్ళు మొక్కుత."

"మొక్కుడు తర్వాత గని, ముందుగాల పెంకులు ఏరు. పోరి కాళ్ళకు గుచ్చుకుంటయ్" అని శ్యామలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని, పిల్లను ఎత్తుకుందామని చేతులు చాపింది.

వర్షిత తల్లి మెడ వదల్లేదు. పెంకులు శ్యామలమ్మే ఏరుకుంది.